చందా కంటే ముందు హిసాబ్: మన జమాతులకు ఒక మాట



మా ఆత్మకూరులో ఖిద్మత్ చేసే కుర్రాళ్ళతో ఎప్పుడు కూర్చున్నా పది నిమిషాల్లో ఒక షికాయత్ వస్తుంది. "పని చేద్దామంటే పైసల్లేవు భాయ్. మనోళ్ళు ఇవ్వరు."

ఈ మాట నేను ఒప్పుకోను. మనోళ్ళు ఇస్తారు. రమజాన్‌లో జకాత్ తీస్తారు, ఈద్ నమాజ్‌కి ముందు ఫిత్రా తీస్తారు, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే సదఖా తీస్తారు, బక్రీద్‌కి చర్మం ఇస్తారు. మస్జిద్‌కి మీనార్ కడతామంటే రోజు కూలీ చేసుకునే మనిషి కూడా జేబులో చెయ్యి పెడతాడు. ఇవ్వడం ఫరజ్ అని నమ్మే ఉమ్మత్ మనది. చందాలు వసూలు చేసేవాళ్ళకి ఇంతకంటే మంచి జనం ఎక్కడ దొరుకుతారు?

మరి మన కమిటీల దగ్గర పైసలు ఎందుకు నిలవవు? నా రాయ్ చెప్తాను. మనం చందా అడుగుతున్నాం గానీ, చందా వచ్చి నిలబడే ఇల్లు కట్టడం లేదు. ఒక మనిషి మొహం చూసి ఇస్తారు. ఆ మనిషి ఫోన్‌పేకే పైసలు వస్తాయి, ఆ మనిషి గుర్తులోనే లెక్క ఉంటుంది. ఆయన పని మీద బెంగళూరుకో, కువైట్‌కో పోతే కమిటీ కూడా ఆయన సంచిలోనే పోతుంది. రమజాన్‌లో కిట్లు పంచుతాం, ఫోటోలు పెడతాం. జూన్‌లో ఒక యతీమ్ పిల్లోడికి కాలేజీ ఫీజు కావాలంటే అందరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం.

ఎతెబార్ కావాలంటే ఇంతెజామ్ ఉండాలి. ఇంతెజామ్ ఉండాలంటే దానికి కొంత ఖర్చు పెట్టాలి. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మన బుజుర్గులు ఎలా అడిగారు

మనకి ఈ విద్య కొత్తది కాదు. కర్నూలులో ఉస్మానియా కాలేజీ 1947లో మొదలైంది. దాని వెనక ఉన్న పేరు డాక్టర్ అబ్దుల్ హఖ్. కాలేజీకి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు పెట్టారు. దేశం రెండు ముక్కలవుతున్న ఏడాది అది. ముసల్మానుల గుండెల్లో ఖౌఫ్ తప్ప ఇంకేమీ లేని రోజుల్లో, ఈ ఎండిన సీమలో కాలేజీ పెడదామని ఆయన అడిగారు. ఇచ్చేవాళ్ళు ఇచ్చారు. మన తాతల కాలం నుంచి ఇవాళ్టి దాకా ఆత్మకూరు, నందికొట్కూరు, నంద్యాల వైపు పిల్లలు అక్కడికి పోయి చదువుకుంటూనే ఉన్నారు. 2016లో కర్నూలులో ఉర్దూ యూనివర్సిటీ పెట్టినప్పుడు ప్రభుత్వం దానికి ఆయన పేరే పెట్టింది.

ఆయన ఆ ఏడాది ఆకలి తీర్చడానికి అడగలేదు. ముప్పై ఏళ్ళ తర్వాత కూడా నిలబడే దాని కోసం అడిగారు. ఇచ్చేవాడికి తన రూపాయి ఎక్కడికి పోతుందో కళ్ళకు కట్టినట్టు కనిపించింది.

ఇంకా వెనక్కి పోతే హజ్రత్ ఉమర్ (రజి) వాకియా అందరికీ తెలిసిందే. ఖైబర్‌లో మంచి భూమి దొరికితే ఏం చేయమంటారని దైవప్రవక్త (స)ను అడిగారు. అసలు భూమిని అమ్మకుండా, ఎవరికీ రాసివ్వకుండా ఆపి, దాని ఫలసాయాన్ని పేదలకు, బంధువులకు, ముసాఫిర్లకు ఖర్చు పెట్టమన్న మష్వరా దొరికింది. వఖ్ఫ్ అంటే ఇదే. మూలధనం ముట్టుకోకుండా దాని ఆదాయంతో పని నడపాలని ఇవాళ పెద్ద పెద్ద యూనివర్సిటీలు, ఫౌండేషన్లు చెప్పేది మనకి పధ్నాలుగు వందల ఏళ్ళ క్రితమే తెలుసు. మనం మరిచిపోయింది వఖ్ఫ్ అనే మాటని కాదు, దాని వెనకున్న ముందుచూపుని.

పక్క జిల్లాలో చూడండి

మన ఖౌమ్ బయట కూడా నేర్చుకోవాల్సిన తజుర్బా ఉంది. అనంతపురంలో ఆర్డీటీ అంటే తెలియని ఇల్లుండదు. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అక్కడ పని మొదలుపెట్టారు. మహారాష్ట్రలోని మన్మాడ్ నుంచి ఆయన్ని పంపించేస్తే, ఎండిపోయిన అనంతపురం జిల్లాకి వచ్చారు. 2009లో ఆయన పోయేనాటికి బత్తలపల్లి ఆసుపత్రి, బడులు, ఇళ్ళు, నీటి పనులు అన్నీ నిలబడి ఉన్నాయి. ఆయన పోయినా పని ఆగలేదు.

దాని రహస్యం ఒక పెద్ద సేఠ్ కాదు. స్పెయిన్‌లోని మామూలు కుటుంబాలు. ఒక్కో కుటుంబం ఒక్కో పిల్లాడి పేరు మీద నెలనెలా చిన్న మొత్తం పంపేది. ఆ పిల్లాడి నుంచి ఉత్తరం పోయేది, ఎలా చదువుతున్నాడో ఖబర్ పోయేది. 1996లో అక్కడే ఒక ఫౌండేషన్ పెట్టి ఆ దాతలను ఒక పద్ధతిలో కూడగట్టారు. చిన్న మొత్తమే, కానీ ముస్తఖిల్‌గా వచ్చేది. వచ్చే నెల ఎంత వస్తుందో తెలిస్తేనే కదా వచ్చే ఏడాది పని గురించి ఆలోచించేది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. 2025లో ఆర్డీటీ విదేశీ నిధుల రెన్యూవల్ చిక్కులో పడినప్పుడు జిల్లా అంతా కదిలింది, జనం రోడ్ల మీదికొచ్చారు. అందులో మనకి రెండు సబఖ్‌లున్నాయి. ఒకటి, ఎంత పెద్ద సంస్థ అయినా పైసలు ఎక్కువగా ఒకే దర్వాజా నుంచి వస్తుంటే, ఆ దర్వాజాకి తాళం పడినరోజు ఊపిరాడదు. రెండు, పని నిజంగా జనానికి అందితే ఆ జనమే సంస్థకి అసలు ఆస్తి.

హైదరాబాద్‌లో సఫా బైతుల్ మాల్ వాళ్ళని చూడండి. ఇళ్ళలో పడి ఉన్న పాత సామాను, కబాడీ సేకరించి, అమ్మి, ఆ పైసల్ని ఖిద్మత్‌కి వాడటం వాళ్ళ పద్ధతుల్లో ఒకటి. జేబులో పైసలేని ఇల్లాలు కూడా పాత బకెట్ ఇచ్చి సవాబ్‌లో హిస్సా తీసుకుంటుంది. అదే ఊళ్ళో హెల్పింగ్ హ్యాండ్ ఫౌండేషన్ ప్రభుత్వాసుపత్రుల్లో హెల్ప్ డెస్కులు పెట్టింది. ఏ కౌంటర్‌కి పోవాలో తెలియక తిరిగే గరీబు రోగికి దారి చూపించడమే ఆ డెస్కుల పని. వినడానికి చిన్నగా ఉంటుంది, కానీ అక్కడ రోగికి కావాల్సింది సరిగ్గా అదే. మస్జిదె ఇస్‌హాఖ్‌లో క్లినిక్ నడిపి, మజహబ్ అడగకుండా అందర్నీ చూశారు.

అన్నీ చేసే కమిటీ ఏదీ చేయదు

మా ఊళ్ళో ఏ కమిటీని అడిగినా ఒకటే జవాబు. రేషన్ ఇస్తాం, పెళ్ళిళ్ళకి ఇస్తాం, ఫీజులు కడతాం, రక్తం ఇప్పిస్తాం, వరదలొస్తే పోతాం. నియ్యత్ మంచిదే. కానీ ఇచ్చేవాడు అడిగేది వేరే ఉంటుంది. "మూడేళ్ళలో మీ వల్ల ఏం మారింది?" దీనికి మన దగ్గర ఫోటోలు ఉంటాయి, జవాబు ఉండదు.

2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ కర్నూలుని ముంచినప్పుడు గుర్తు చేసుకోండి. ఎక్కడెక్కడి నుంచో బియ్యం, దుప్పట్లు, పైసలు వచ్చాయి. ఆఫత్ వచ్చినప్పుడు జనం దిల్ తెరుస్తారు. కానీ ఆ రోజుల్లో పుట్టిన కమిటీల్లో ఎన్ని ఇవాళ రిజిస్టర్ తెరిచి కూర్చుని ఉన్నాయో మీరే లెక్కపెట్టండి. నీళ్ళతో పాటే వచ్చి నీళ్ళతో పాటే పోయినవి చాలా ఉంటాయి.

కాబట్టి మొదటి పని, మఖ్సద్ ఒకటి పెట్టుకోవడం. ఉదాహరణకి ఆత్మకూరు నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి పోయే రోగుల సంగతి తీసుకోండి. అరవై డెబ్బై కిలోమీటర్లు బస్సులో పోయి, ఓపీ చీటీ ఎక్కడో, స్కానింగ్ ఎక్కడో, ఆరోగ్యశ్రీ కౌంటర్ ఎక్కడో తెలియక సాయంత్రం దాకా తిరిగి, రేపు రమ్మంటే రాత్రి వరండాలో పడుకునే ముసలమ్మలు మన ఊళ్ళోనూ ఉన్నారు, నల్లమల అంచున గూడేల్లోనూ ఉన్నారు. వాళ్ళకి తోడు ఉండటానికి ఒక మనిషిని పెట్టడం ఒక్క కమిటీ చేయగల పని. లెక్కపెట్టగల పని కూడా. ఈ నెల ఎంతమంది వచ్చారు, ఎంతమందికి వైద్యం అందింది, ఎంతమంది తిరిగి వచ్చేశారు, ఎందుకు? ఇలాంటి నాలుగు అంకెలు మూడేళ్ళు రాస్తే, ఏ దాత ముందైనా తలెత్తుకుని కూర్చోవచ్చు.

దీని ఖర్చు కూడా చూద్దాం. నేను వేసిన అందాజా మాత్రమే. ఒక మనిషికి నెలకి 15,000 జీతం, ఏడాదికి 1,80,000. ఫోను, బస్సు ఛార్జీలు నెలకి 2,000 చొప్పున 24,000. ఆడిట్‌కి, కాగితాలకి 20,000. మొత్తం 2,24,000. ఊళ్ళో 200 ఇళ్ళు నెలకి 100 రూపాయలిస్తే ఏడాదికి 2,40,000 వస్తాయి. ఏ సేఠ్‌నీ అడగక్కర్లేదు, ఏ లీడర్ దగ్గరా చెయ్యి చాపక్కర్లేదు. ఇలా లెక్కవేసి చూపించిన కాగితాన్నే బయట స్ట్రాటజీ అంటారు. అది ఇంగ్లిష్‌లో ముప్పై పేజీలు ఉండాల్సిన పని లేదు, ఒక పేజీ తెలుగులో ఉన్నా చాలు.

జీతం అనగానే మొహం మారుతుంది

ఈ మాట అనగానే ఎవరో ఒకరు లేస్తారు. "ఖిద్మత్‌కి జీతమేంది? గరీబుల పైసల్లోంచి జీతాలా? ఇది ఖయానత్ కాదా?"

ఖురాన్‌లో సూరె తౌబాలో జకాత్ హఖ్‌దార్లు ఎనిమిది రకాలని చెప్పారు. ఫఖీర్లు, మిస్కీన్ల తర్వాత మూడో స్థానంలో ఎవరున్నారు? ఆమిలీన్. అంటే జకాత్ వసూలు చేసి, లెక్క చూసి, పంచే పని చేసేవాళ్ళు. పని చేసేవాడికి కడుపు ఉంటుందని, ఆ కడుపు నిండకపోతే అమానత్ మీద చెయ్యి పడుతుందని మన దీన్ ఎప్పుడో గుర్తించింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇవాళ్టి ప్రైవేట్ కమిటీ మనిషి ఆ ఆమిలీన్ వాటాలోకి వస్తాడా లేదా అన్నదాంట్లో ఉలమాల మధ్య ఇఖ్తిలాఫ్ ఉంది. జకాత్ పైసని హఖ్‌దార్ చేతికి మాలిక్ చేసి ఇవ్వాలన్నది హనఫీ మసలా. కాబట్టి జీతాలు, ఆఫీసు అద్దె జకాత్‌లోంచి తీయకుండా, లిల్లాహ్ పేరున వేరేగా అడిగి తీసుకోవడం సురక్షితమైన దారి. అడిగేటప్పుడే సాఫ్‌గా చెప్పండి: "ఈ వంద రూపాయలు కిట్‌కి కాదు, కిట్ సరైన ఇంటికి చేరేలా చూసే మనిషికి." నిజం చెప్తే ఇస్తారు. మీ ఊరి ముఫ్తీ సాబ్‌ని అడిగి, ఆయన చెప్పింది కాగితం మీద రాయించుకుంటే ఇంకా మంచిది.

ప్రభుత్వం కూడా ఈ ఖర్చుని నేరమనడం లేదు. విదేశీ విరాళాల చట్టం ప్రకారం ఆఫీసు ఖర్చులకి ఒక హద్దు ఉంది. 2020కి ముందు ఆ హద్దు 50 శాతం, ఆ ఏడాది సవరణతో 20 శాతం అయ్యింది. హద్దు పెట్టారంటే, ఆ హద్దు లోపల ఖర్చు జాయిజ్ అనే కదా. ఉచితంగా చేస్తానన్న మనిషి తన దుకాణం చూసుకుని, తన పిల్లల్ని చూసుకుని, మిగిలిన టైములో రిజిస్టర్ రాస్తాడు. మిగిలిన టైము ఎప్పుడూ మిగలదు.

నాలుగు ఖాతాలు, నాలుగు కాగితాలు

హిసాబ్ సంగతికి వద్దాం. ముందు ఖాతాలు. జకాత్ వేరే, ఫిత్రా-సదఖా వేరే, లిల్లాహ్ వేరే. బ్యాంకు వడ్డీ పైసలు సవాబ్ నియ్యత్ లేకుండా వదిలించుకోవాలని ఇచ్చేవాళ్ళుంటారు, అది పూర్తిగా వేరే. నాలుగూ ఒకే సంచిలో కలిపేస్తే దీన్ పరంగానూ తప్పే, లెక్క పరంగానూ తప్పే. ఒకే రిజిస్టర్‌లో నాలుగు కాలమ్‌లు గీసినా చాలు, ఇవాళే మొదలుపెట్టొచ్చు.

తర్వాత కాగితాలు. మన రాష్ట్రంలో సొసైటీ రిజిస్ట్రేషన్ 2001 చట్టం కింద జరుగుతుంది. సొసైటీ పేరున పాన్, సొసైటీ పేరున బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకాలు. సొంత ఫోన్‌పేకి సలాం చెప్పేయండి. ఆ తర్వాత ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏబీ, 80జి అని పిలుచుకునే రిజిస్ట్రేషన్లు. పాత 1961 చట్టం స్థానంలో 2025 చట్టం వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారాయి, ఆడిటర్‌ని అడిగితే కొత్త నంబర్ చెప్తాడు. పాత పద్ధతిలో పన్ను కట్టే దాతకి 80జి రసీదు వల్ల ఫాయిదా ఉంటుంది. నగదుగా ఇచ్చేది 2,000 రూపాయలు దాటితే ఆ ఫాయిదా రాదు, కాబట్టి పెద్ద మొత్తాలు బ్యాంకు ద్వారానే తీసుకోండి. ఎవరెంత ఇచ్చారో ఏడాదికోసారి శాఖకి లెక్క పంపాలి. ఈ రిజిస్ట్రేషన్లకి గడువుంటుంది, రెన్యూవల్ తారీఖు గోడ మీద రాసిపెట్టుకోండి.

మనవాళ్ళకి తెలియని ఒక పెద్ద మెలిక ఇక్కడుంది. సొసైటీ ఉద్దేశాల్లో "ముస్లిం పేదల కోసం" అని రాస్తారు. దిల్‌లో ఉన్నదే రాశామనుకుంటారు. కానీ ఒక మతం వాళ్ళకో, ఒక కులం వాళ్ళకో మాత్రమే అని రాసుకున్న సంస్థకి 80జి రాదు, పన్ను మినహాయింపుకీ చిక్కొస్తుంది. మహిళలు, పిల్లలు, ఎస్సీలు, ఎస్టీలు, వెనకబడిన తరగతులు అంటే మాత్రం చట్టం దాన్ని ఒక మతం కింద లెక్కపెట్టదు. "పేద మహిళలు, పిల్లలు, వెనకబడిన తరగతుల కోసం" అని రాస్తే మన గల్లీ బేవా అందులో ఉంది, మన దూదేకుల భాయి పిల్లలున్నారు, పక్కనున్న దళిత కుటుంబం ఉంది, నల్లమల చెంచు పిల్ల కూడా ఉంది. చట్టం కోసం చేసే సర్దుబాటు కాదిది. పొరుగువాడి హఖ్ గురించి మన దీన్ చెప్పినప్పుడు పొరుగువాడి మజహబ్ అడగలేదు. జకాత్ మసలాలు వేరే, వాటిని జకాత్ ఖాతాలో పాటించండి. సదఖా, లిల్లాహ్ దిల్ తెరిచి అందరికీ ఇవ్వండి.

గల్ఫ్ పైసల సంగతి. కర్నూలు, కడప జిల్లాల్లో కువైట్‌లోనో, సౌదీలోనో మనిషి లేని ముస్లిం గల్లీ తక్కువ. వాళ్ళ దగ్గర చందా తీసుకోవచ్చా అని భయపడతారు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న మనిషి తన సంపాదన నుంచి మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. కానీ వేరే దేశం పౌరసత్వం తీసుకున్న అమెరికా మామూ పంపితే అది విదేశీ విరాళమే, దానికి ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉండాలి. ఆ రిజిస్ట్రేషన్‌కి సంస్థ మూడేళ్ళు పని చేసి, ఆ మూడేళ్ళలో 15 లక్షలు అసలు పని మీద ఖర్చు పెట్టి ఉండాలి. కాబట్టి చిన్న కమిటీ దాని జోలికి పోవద్దు. ఎవరి చేతో సంచిలో వచ్చే పైసల జోలికి అసలే పోవద్దు. ఒక్కసారి చెయ్యి కాలితే కమిటీ మాత్రమే కాదు, ఊరంతా అనుమానంలో పడుతుంది.

ఇక కంపెనీల పైసలు. 2013 కంపెనీల చట్టం ప్రకారం 500 కోట్ల నెట్‌వర్త్ గానీ, 1,000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల లాభం గానీ ఉన్న కంపెనీ, గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకి ఖర్చు పెట్టాలి. తాము పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి ముందు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. మన పక్కన గని, శకునాల వైపు సోలార్ పార్కు ఉంది, జిల్లాలో సిమెంట్ ఫ్యాక్టరీలున్నాయి. కానీ వాళ్ళ దగ్గరికి పోవాలంటే సీఎస్‌ఆర్-1 రిజిస్ట్రేషన్ ఉండాలి, అలాంటి పనిలో మూడేళ్ళ రికార్డు ఉండాలి. ఇప్పుడు మొదలుపెడితే మూడేళ్ళకి ఆ గుమ్మం తొక్కొచ్చు. మొదలుపెట్టకపోతే మూడేళ్ళ తర్వాత కూడా "మనకెవరిస్తారు భాయ్" అనే అంటాం.

హిసాబ్ ఎవరికి?

"అల్లాహ్ చూస్తున్నాడు, మనుషులకి హిసాబ్ ఎందుకు?" ఇది మన పెద్దలు కొందరు ఇఖ్లాస్‌తోనే అడిగే సవాల్. దీనికి జవాబు హదీసుల్లో ఉంది. జకాత్ వసూలుకి పంపిన ఒక మనిషి తిరిగి వచ్చి, ఇది మీది, ఇది నాకు తోఫాగా వచ్చిందని రెండు కుప్పలు చూపించాడు. దైవప్రవక్త (స) అక్కడితో వదల్లేదు. తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ తోఫా వచ్చేదా అని మింబర్ మీద నుంచి అందరి ముందూ అడిగారు. సహాబీ అయినా హిసాబ్ చెప్పాల్సి వచ్చింది. మనమెంత?

ఇచ్చేవాడు దాచుకుని ఇవ్వడం మంచిదే, అది రియా నుంచి కాపాడుతుంది. కానీ పంచేవాడి లెక్క బాహాటంగా ఉండాలి. మనం తలకిందులు చేశాం. కిట్ తీసుకునే ఆపా మొహం ఫోటోలో పెడతాం, పైసల లెక్క మాత్రం దాచుతాం. ఆమె ఇజ్జత్ పోయింది, మన హిసాబ్ కనిపించలేదు. ఫోటోలు ఆపండి. ఆ జాగాలో ఒక పేజీ పెట్టండి. ఇంత వచ్చింది, ఇంత ఖర్చయ్యింది, ఇంత మిగిలింది, ఇంతమందికి అందింది. మూడు నెలలకోసారి జుమా రోజు నోటీసు బోర్డు మీద, అదే పేజీ వాట్సాప్‌లో. ఏడాదిలో నాలుగు పేజీలు. ఇచ్చిన మనిషి మళ్ళీ ఇవ్వడానికి ఇంతకంటే పెద్ద అపీల్ అక్కర్లేదు.

ఈ పేజీ రాసేదెవరు? మన ఇళ్ళలోనే ఉన్నారు. బీకామ్ చదివి, ట్యాలీ నేర్చుకుని, పెళ్ళి కోసమో ఉద్యోగం కోసమో ఎదురుచూస్తున్న బేటీలు ప్రతి మొహల్లాలో ఉన్నారు. వాళ్ళకి జీతమిచ్చి ఇంటి నుంచే లెక్క రాయించండి. కమిటీలో కూడా వాళ్ళని కూర్చోబెట్టండి. బేవాల కోసం కమిటీ అంటారు, అందులో ఒక్క ఆడమనిషి ఉండదు. బేవాకి ఏం కావాలో సదర్ సాబ్ బీవీకి తెలుస్తుంది గానీ సదర్ సాబ్‌కి ఎలా తెలుస్తుంది? అన్నదమ్ములు, బావమరుదులు కలిసి ఒకే ఇంటి వాళ్ళు కమిటీ నిండా ఉండొద్దు. సదర్‌కి మూడేళ్ళ గడువు పెట్టండి. ఆయన మంచివాడు కాదని కాదు. ఆయన తర్వాత పనిచేసేవాడు ఆయన ఉండగానే తయారు కావాలని.

ఇదంతా ఒక్కసారే కాదు. ఈ నెల కమిటీలో మష్వరా పెట్టి ఒక మఖ్సద్ తేల్చుకోండి. వచ్చే నెల సొసైటీ పేరున ఖాతా తెరిచి నాలుగు కాలమ్‌ల రిజిస్టర్ మొదలుపెట్టండి. మూడు నెలలకి మొదటి పేజీ బోర్డు మీద అంటించండి. ఆ తర్వాత నెలకి వంద రూపాయలిచ్చే ఇళ్ళని వెతకండి, మొదటి వంద ఇళ్ళు దొరకడానికి ఏడాది పట్టినా పర్వాలేదు. ఒక మనిషికి జీతం ఇవ్వగలిగిన రోజు మీ కమిటీ సంస్థ అయినట్టు.

ఇచ్చే చేతులకి మన దగ్గర కొరత లేదు. తీసుకునే చేతుల మీద భరోసా పెంచే జిమ్మేదారీ మనది. అల్లాహ్ మన నియ్యత్‌లనూ, మన రిజిస్టర్లనూ రెంటినీ ఖుబూల్ చేయుగాక. ఆమీన్.